తెరమీద తెలుపు, ఆల్బమ్‌లో పసుపు: ఎందుకు? ఎలా సరిచేయాలి?

ప్రశ్న: కంప్యూటర్‌లో సరిచేసినప్పుడు మధుపర్కాలు తెల్లగానే ఉంటాయి. ల్యాబ్ నుంచి ఆల్బమ్ వచ్చాక చూస్తే పచ్చబడి ఉంటాయి, మొహాలు నల్లబడి ఉంటాయి. తప్పు ల్యాబ్‌దా, మాదా? మానిటర్ రంగులు సరిచేసే పరికరం కొనాలంటే తక్కువ ఖర్చులో ఏది తీసుకోవాలి?

పలాస, కాశీబుగ్గ, టెక్కలి స్టూడియోలన్నింటికీ పనికొచ్చే ప్రశ్న ఇది. పెళ్లి ఫోటోలు ఇక్కడ తీసి, ఇక్కడే దిద్ది, అచ్చుకు విశాఖకో బరంపురానికో పంపేటప్పుడు మధ్యలో రంగుకు పూచీ పడేది మీ టేబుల్ మీదున్న మానిటర్ ఒక్కటే. చాలాసార్లు తప్పు కూడా దానిదే.

కొత్త మానిటర్ షాపులో ధగధగలాడాలని కంపెనీలు వెలుగును బాగా పెంచి, తెలుపును నీలం వైపు జరిపి పంపుతాయి. ఆ వెలుగు చదరపు మీటరుకు 250 నుంచి 300 క్యాండెలాల దాకా ఉంటుంది. ఫోటో పనికి 100 నుంచి 120 చాలు. షాపు కోసం పెంచిన ఆ వెలుగులో, చీకటిగా పడిన ఫోటో కూడా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది కాబట్టి మీరు దాని వెలుగు పెంచరు. కాగితానికి సొంత వెలుగు లేదు. అందుకే ప్రింటులో మొహాలు నల్లబడతాయి. రంగు సంగతీ అంతే. నీలి తెరమీద మధుపర్కం నీలంగా కనిపిస్తే మీరు కాస్త పసుపు కలుపుతారు. తెరమీద అది తెల్లబడుతుంది, ల్యాబ్‌కు వెళ్లేది మాత్రం పసుపు కలిసిన ఫైలు.

మరి కంటికి ఇది ఎందుకు తెలియదు?

కన్ను సర్దుకుపోతుంది కాబట్టి. నీలి తెర ముందు కాసేపు కూర్చుంటే ఆ నీలమే తెలుపనిపిస్తుంది. నమ్మకం కుదరకపోతే పగటిపూట తెరమీద ఖాళీ తెల్ల పేజీ తెరిచి, పక్కనే ఒక తెల్ల కాగితాన్ని కిటికీ వెలుగు పడేలా పట్టుకోండి. కాగితం పచ్చగా, తెర నీలంగా కనిపిస్తే మీ మానిటర్ ఎటు ఒరిగిందో అప్పుడే తెలిసిపోతుంది. రాత్రి ట్యూబులైటు కింద ఈ పరీక్ష చేయొద్దు.

జీడిపప్పు ఊరైన పలాస వాళ్లకు రంగు విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. డబ్ల్యూ 320 అంటే పౌనుకు 300 నుంచి 320 తూగే తెల్ల గుండు, అంటే విరగని పప్పు. అదే సైజు గుండు కాస్త మాడి రంగు తిరిగితే ఎస్‌డబ్ల్యూ 320 అవుతుంది, ధర తగ్గుతుంది. ప్యాకెట్ కవరు డిజైన్ చేసేవాళ్లు నీలి తెరను నమ్ముకుని గుండుకు రంగు దిద్దితే, లోపల మేలు రకం సరుకున్నా బొమ్మలో అది మాడిన పప్పులా దిగుతుంది.

పరికరం ఏం చేస్తుంది?

దాని పేరు కలరీమీటర్. అరచేతిలో పట్టేంత ఉంటుంది, యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు తగిలిస్తారు. మనిషి కన్ను రంగును ఎలా అందుకుంటుందో 1931లోనే సీఐఈ అనే అంతర్జాతీయ సంస్థ కొలతలు కట్టింది. కలరీమీటర్ లోపలి ఫిల్టర్లు ఆ కొలతలకు దగ్గరగా ఉండేలా చేసినవి. సాఫ్ట్‌వేర్ తెరమీద వరుసగా రంగు చదరాలు చూపిస్తుంది, పరికరం ఒక్కోదాన్నీ కొలుస్తుంది. అడిగిన రంగుకూ వచ్చిన రంగుకూ ఎంత తేడా ఉందో లెక్కగట్టి సాఫ్ట్‌వేర్ రెండు పనులు చేస్తుంది. తెలుపును, వెలుగునీడల మెట్లను దిద్దే సవరణను గ్రాఫిక్స్ కార్డులోకి ఎక్కిస్తుంది. మానిటర్ స్వభావం మొత్తాన్ని ఐసీసీ ప్రొఫైల్ అనే చిన్న ఫైలుగా రాసిపెడుతుంది. మొదటిది కంప్యూటర్‌లో ఏ ప్రోగ్రాం తెరిచినా పనిచేస్తుంది. రెండోది ఫోటోషాప్ లాంటి, ప్రొఫైల్‌ను చదవగల ప్రోగ్రాంలలోనే పనిచేస్తుంది. తుది రంగు ఫోటోషాప్‌లో చూసుకోమనేది ఇందుకే.

ఏది కొనాలి?

స్టూడియో పనికి డేటాకలర్ వారి స్పైడర్ వరసలోనో, క్యాలిబ్రైట్ వరసలోనో అన్నింటికన్నా తక్కువ ధరది సరిపోతుంది. ఎక్స్-రైట్ కంపెనీ ఫోటో పరికరాలు 2021 నుంచి క్యాలిబ్రైట్ పేరుతో వస్తున్నాయి. మొదటి మెట్టు పరికరానికి మన దేశంలో పది వేల రూపాయలు దాటుతుంది. పై మెట్టువి దానికి రెండు, మూడు రెట్లు.

ఆ పై మెట్టు డబ్బు దేనికో తెలుసుకుంటే కొనడం తేలిక. స్పైడర్ ఎక్స్‌లో ప్రో, ఎలైట్ అని అమ్మారు. రెండింట్లో సెన్సర్ ఒక్కటే, తేడా అంతా సాఫ్ట్‌వేర్‌లో. ఎక్స్-రైట్ వారి కలర్‌మంకీ డిస్‌ప్లే, ఐ1 డిస్‌ప్లే ప్రో కూడా ఒకే రకం సెన్సర్ ఉన్నవే, మొదటిది నిదానంగా కొలుస్తుంది, అంతే. తక్కువ ధర పరికరంతో వచ్చే సాఫ్ట్‌వేర్ కొన్ని సదుపాయాలను మూసేస్తుంది. ఆ మూతను దాటడానికి పైసా ఖర్చులేని దారి ఉంది. గ్రేమ్ గిల్ రాసిన ఆర్గిల్ సీఎంఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. దాన్ని మామూలు మనిషి వాడుకునేలా ఫ్లోరియన్ హోఖ్ తయారుచేసిన డిస్‌ప్లేక్యాల్ కూడా ఉచితమే. కొనేముందు మీరు చూసిన మోడల్ ఆర్గిల్ జాబితాలో ఉందో లేదో ఒక్కసారి సరిచూసుకోండి. ఉంటే, ఎక్కువ డబ్బు పెట్టనవసరం లేదు.

పాతది చౌకగా దొరికితే? ఇక్కడ ఉద్దానం సముద్రపు గాలిని లెక్కలోకి తీసుకోవాలి. పాత తరం కలరీమీటర్లలో ఫిల్టర్లు తేమకు, వేడికి రంగు మారతాయి. ఫిల్టర్ మారిందంటే పరికరం తప్పు కొలతనే ఒప్పని చెబుతుంది, మీకు తెలిసే దారి ఉండదు. సముద్రం పక్కన ఏళ్ల తరబడి సొరుగులో పడి ఉన్న స్పైడర్ 2, స్పైడర్ 3 లాంటివి వెయ్యి రూపాయలకిచ్చినా వద్దు. కొత్తదాన్ని కూడా సిలికా జెల్ పొట్లంతో గాలి చొరని డబ్బాలో పెట్టుకోండి.

స్పెక్ట్రోఫోటోమీటర్ అనే పెద్ద పరికరం సొంత ప్రింటర్ ఉండి, కాగితం కాగితానికి ప్రొఫైల్ కట్టుకునేవాళ్లకు. బయట ల్యాబ్‌లో అచ్చువేయించేవాళ్లకు అక్కర్లేదు.

ఎలా వాడాలి?

మానిటర్‌ను అరగంట ముందే వేసి ఉంచండి, వేడెక్కితేగాని వెలుగు నిలకడగా ఉండదు. తలుపులు వేసి, తెరమీద లైటు పడకుండా చూడండి. మానిటర్‌ను కాస్త వెనక్కు వాల్చి, పరికరాన్ని పైనుంచి వేలాడదీస్తే అడుగు మెత్త తెరకు ఆనుకుని కూర్చుంటుంది. తీగమీది బరువు వెనకవైపు దాన్ని నిలబెడుతుంది. అంచున సందు ఉంటే బయటి వెలుగు దూరి కొలత చెడుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఎంచుకోవాల్సినవి: తెల్లదనం 6500 కెల్విన్, గామా 2.2, వెలుగు 120, గది చీకటిగా ఉంటే 100. సాఫ్ట్‌వేర్ మానిటర్ రకం అడుగుతుంది. మామూలు ఎల్‌ఈడీనా, విస్తృత రంగుల తెరా, ఓఎల్‌ఈడీనా అన్నది సరిగ్గా చెప్పండి. చాలామంది ఇక్కడే తప్పిపోతారు, తెలుపు గులాబీగానో ఆకుపచ్చగానో తేలుతుంది. ముందు మానిటర్ బటన్లతోనే వెలుగును, ఎరుపు, ఆకుపచ్చ, నీలాలను దగ్గరకు తెచ్చి, మిగిలిన సవరణ సాఫ్ట్‌వేర్‌కు వదిలితే ఫలితం నునుపుగా వస్తుంది. నెలకోసారి చేస్తే చాలు.

పరికరం చేయలేనిది ఏమిటి?

లేని రంగును పుట్టించలేదు. చౌక ల్యాప్‌టాప్ తెరలు చాలావాటిలో ఎస్ఆర్‌జీబీ అనే ప్రామాణిక పరిధి రంగుల్లో మూడింట రెండు వంతులే ఉంటాయి. పట్టుచీర ఎరుపు అక్కడ కనబడదు, ఎంత కొలిచినా కనబడదు. తల కదిపితే రంగు మారే పాత టీఎన్ తెరలదీ అదే గతి. అలాంటి తెర ఉన్నవాళ్లు ముందు ఐపీఎస్ మానిటర్ కొనుక్కుని, పరికరం సంగతి తర్వాత చూసుకోవాలి.

కెమెరా తప్పునూ దిద్దలేదు. టెక్కలి నీలి గ్రానైట్ ఫోటోలు దూరదేశపు కొనుగోలుదారుకు పంపేవాళ్లకు ఇది ముఖ్యం. ఆ రాయి ధర నీలంలో ఉంది. నీలి తెర ముందు కూర్చున్నవాళ్లు నీలం ఎక్కువైందనుకుని తగ్గిస్తే, అవతలివాళ్లకు బూడిద రంగు బండ కనిపిస్తుంది. తెర సరిచేశాక కూడా, పలక పక్కన ఒక గ్రే కార్డు పెట్టి మొదటి ఫోటో తీసుకుని దానితో వైట్ బ్యాలెన్స్ కట్టాలి.

ల్యాబ్ మాట కూడా అడగాలి. వాళ్లకు ఏ ఫైలు కావాలో, చాలాచోట్ల ఎస్ఆర్‌జీబీ జేపెగ్ అంటారు, ముందే తెలుసుకుని, మొత్తం ఆల్బమ్ పంపకముందు ఒక్క ఫోటో అచ్చువేయించి పగటి నీడలో చూడండి. తెర సరిగ్గా ఉండి ప్రింటు తప్పితే, అప్పుడు ల్యాబ్‌ను నిలదీయడానికి మీ చేతిలో ఆధారం ఉంటుంది.

ఇప్పుడే కొనలేనివాళ్లు మానిటర్ మెనూలో ఎస్ఆర్‌జీబీ లేదా 6500 ఎంచుకుని, తెల్ల కాగితం పక్కన పెట్టి వెలుగు తగ్గించుకోండి, సగం తప్పు పోతుంది. మిగతా సగానికి పరికరం కావాలి. నెలకు అరగంట పనికి స్టూడియోకొకటి దండగ. కాశీబుగ్గలో నాలుగు స్టూడియోలు కలిసి ఒకటి కొనుక్కోండి, ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నాలుగు మానిటర్లకూ అదే సరిపోతుంది.