గీతరచన, నిర్మాణం, కర్తృత్వం: అలెన్ టూసాంట్ సంగీతప్రస్థానం

1. ప్రవేశిక

పాటకు కర్త ఎవరన్న ప్రశ్నకు పల్లవి, చరణాలు రాసినవారి పేరునే సాధారణంగా సమాధానంగా చెబుతాం. ధ్వనిముద్రిత గీతం విషయంలో ఈ సమాధానం చాలదు. రెండో ప్రపంచయుద్ధ కాలం నుండి అమెరికాలో బ్లూస్, గాస్పెల్, జాజ్ సంప్రదాయాల కలయికతో ఆఫ్రికన్ అమెరికన్లు రూపొందించిన సంగీతం ‘రిథమ్ అండ్ బ్లూస్’. అందులో రచయితగా, నిర్మాతగా ప్రసిద్ధుడైన అలెన్ టూసాంట్ (1938-2015) కృషి ఆధారంగా కర్తృత్వ సమస్యను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇక్కడ నిర్మాత అంటే మన చలనచిత్రరంగంలో వలె పెట్టుబడి పెట్టే వ్యక్తి కాదు. గాయకునికి తగిన పాటను ఎంచి, వాద్యాలను కూర్చి, ముద్రణ ముగిసేవరకు పాట రూపానికి బాధ్యత వహించేవాడు.

2. గొంతును బట్టి రచన

టూసాంట్ లూసియానా రాష్ట్రంలోని న్యూ ఆర్లియన్స్‌లో జన్మించాడు. ఆ నగరపు పియానో వాద్యకారుడు ప్రొఫెసర్ లాంగ్‌హేర్ బాణీ ఆయనను బలంగా ప్రభావితం చేసింది. 1960 ప్రాంతంలో మినిట్ రికార్డ్స్ సంస్థలో స్థానిక గాయకులకు పాటలు రాస్తూ, వారి ముద్రణలను నడిపాడు. ఎర్నీ కె-డో పాడిన ‘మదర్-ఇన్-లా’ 1961లో బిల్‌బోర్డ్ పాప్ పట్టికలో ప్రథమస్థానం పొందింది. అత్తగారిపై అల్లుడి ఫిర్యాదు పాత హాస్యవస్తువే. కొత్తదనం కూర్పులో ఉంది. కె-డో మొర పెట్టుకుంటుంటే, బెన్నీ స్పెల్‌మన్ మంద్రస్వరంలో పాట పేరును మాత్రం పలుకుతాడు. హాస్యం మాటల్లో కంటే ఆ రెండు గొంతుల అంతరంలో ఎక్కువగా పుడుతుంది.

లీ డార్సీ పాడిన ‘వర్కింగ్ ఇన్ ద కోల్ మైన్’ (1966)లో గనిలోని పనిముట్టు దెబ్బను తలపించే లోహధ్వని లయలో భాగమైంది. వస్తువు కార్మికుని అలసట. నడక మాత్రం నృత్యానికి అనువైనది. ఈ వైరుధ్యం లిఖితపాఠంలో కనిపించదు, వినికిడిలోనే తెలుస్తుంది.

3. పేరున్న చోట, పేరులేని చోట

టూసాంట్ కొన్ని పాటలను నయోమీ నెవిల్ అనే తన తల్లి వివాహపూర్వ నామంతో ప్రకటించాడు. వాటిలో ‘ఫార్చ్యూన్ టెల్లర్’ను బ్రిటన్‌కు చెందిన రోలింగ్ స్టోన్స్, ద హూ బృందాలు పాడాయి. పాట సముద్రాలు దాటినా, కలంపేరు వెనుక ఉన్న రచయితను ఎరిగిన శ్రోతలు తక్కువ.

దీనికి భిన్నమైన ఉదాహరణ, లబెల్ బృందం పాడగా 1975లో ప్రథమస్థానం పొందిన ‘లేడీ మార్మలేడ్’. దీని రచయితలు బాబ్ క్రూ, కెన్నీ నోలన్. మార్షల్ సీహార్న్‌తో కలిసి నెలకొల్పిన సీ-సెయింట్ స్టూడియోలో టూసాంట్ ఈ పాటను నిర్మించాడు. రచయితగా ఆయన పేరు లేదు. కాని శ్రోతను పట్టుకునే లయవిన్యాసం ఆయన పర్యవేక్షణలో రూపుదిద్దుకొన్నది.

పాఠాంతర పరిశీలనకు ‘సదర్న్ నైట్స్’ ఉపకరిస్తుంది. బాల్యంలో బంధువుల పల్లెలో గడిపిన రాత్రుల స్మృతి దీని వస్తువు. 1975లో టూసాంట్ దీనిని మందగతిలో, కలలో వినిపించే గొంతుతో పాడాడు. 1977లో గ్లెన్ క్యాంప్‌బెల్ హుషారైన నడకతో పాడి ప్రథమస్థానానికి చేర్చాడు. రచన ఒక్కటే అయినా మొదటిది జ్ఞాపకంగా, రెండోది ఉత్సవంగా వినిపిస్తుంది.

4. వరద తరువాత

2005లో కత్రినా తుపాను వరద ఆయన ఇంటిని, స్టూడియోను నాశనం చేసింది. కొంతకాలం న్యూయార్క్‌లో ఉన్న టూసాంట్, అంతవరకు ఎక్కువగా ఇతరుల గొంతుల వెనుక ఉన్నవాడు, వేదికపై తరచుగా కనిపించసాగాడు. 2006లో ఎల్విస్ కాస్టెల్లోతో కలిసి ‘ద రివర్ ఇన్ రివర్స్’ వెలువరించాడు. 2015 నవంబరులో మాడ్రిడ్‌లో కచేరీ అనంతరం మరణించాడు. బానిసత్వాన్ని నిలుపుకోవడానికి పోరాడిన దక్షిణాది సేనల నాయకుడు రాబర్ట్ ఇ. లీ పేరిట ఉన్న ఒక రహదారికి 2022లో న్యూ ఆర్లియన్స్ నగరపాలక మండలి టూసాంట్ పేరు పెట్టింది.

5. ముగింపు

టూసాంట్ కృషిలో కర్తృత్వం మూడు రూపాల్లో కనిపిస్తుంది: స్వనామంతో రచన, తల్లి పేరు మాటున రచన, రచయితగా పేరు లేని నిర్మాణం. మొదటిదాన్నే లెక్కిస్తే ఆయన కృషిలో చాలా భాగం మరుగున పడుతుంది. తెలుగు సినీగీతాలపై పరిశోధనలు సాహిత్యపాఠానికే పరిమితమైన సందర్భాల్లోనూ ఇదే లోపం ఏర్పడుతుంది. పాట పుస్తకంతో పాటు ముద్రణను కూడా ఆకరంగా స్వీకరించినప్పుడే గాయకుడు, వాద్యకారుడు, కూర్పరి చేసిన రచన పరిశోధకుని దృష్టికి వస్తుంది.