పేరు మారినా పని మానని ‘జెంకిన్స్’ – కొత్త విడుదల వేయకుంటే తలుపు తీసి పడుకున్నట్లే

(మా గ్రామీణ విలేకరి)

2024 జూలై 31వ తేదీన దేశంలోని దాదాపు 300 చిన్న బ్యాంకుల ఖాతాదారులకు యూపీఐ వంటి చెల్లింపులు నిలిచిపోయిన సంగతి పాఠకులకు గుర్తుండే వుంటుంది. సహకార బ్యాంకులకు, ప్రాంతీయ గ్రామీణ బ్యాంకులకు కంప్యూటరు సేవలందించే సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ అనే సంస్థపై దుండగులు దాడి చేశారు. ఫైళ్లకు తాళం వేసి, తీయడానికి సొమ్ము అడిగే తరహా దాడి అది. ముప్పు ఇతర బ్యాంకులకు పాకకుండా జాతీయ చెల్లింపుల సంస్థ సీ-ఎడ్జ్‌ను తన వ్యవస్థనుంచి తాత్కాలికంగా వేరుచేసింది. మరునాడు, ఆగస్టు 1న, తిరిగి కలిపింది.

ఖాతాలో డబ్బు వున్నా చేతికి రాని ఆ పూట ఇబ్బంది పడినవారు పెద్ద నగరాల షావుకార్లు కారు. ఎక్కువమంది చిన్న ఖాతాదారులు, పల్లెవాసులు. అసలు ఈ దాడి ఎక్కడ మొదలయిందన్న విషయంపై బెంగుళూరుకు చెందిన క్లౌడ్‌సెక్ అనే భద్రతా పరిశోధన సంస్థ తరువాత ఒక నివేదిక వెలువరించింది. సీ-ఎడ్జ్‌తో కలసి పనిచేసే మరో సంస్థలో సరిగా అమర్చని ఒక ‘జెంకిన్స్’ సర్వరు ద్వారా దుండగులు లోపలికి దిగారని అందులో పేర్కొన్నది.

ఆ జెంకిన్స్ ఎవరు? మనిషి కాదు. సాఫ్ట్‌వేరు తయారీలో రాత్రింబగళ్లు చాకిరీ చేసే ఒక ప్రోగ్రాము. దానిలోని లోపానికి మందు 2024 జనవరి 24వ తేదీనే కొత్త విడుదల రూపంలో వచ్చింది. ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా తెచ్చుకొని వేసుకోవచ్చు. జూలై 31కి ఆరు నెలలు నిండాయి. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని మన పెద్దల సామెత. ఇక్కడ కుక్క ఆరు నెలల ముందే మొరిగింది. లేచి చూసినవారు లేకపోవడమే విచారకరం.

మర ఆడించినట్లే

సాఫ్ట్‌వేరు తయారీలో ‘బిల్డ్’ అనే మాట తరచు వినబడుతుంది. దీనిని బియ్యపు మరతో పోల్చి చెప్పుకోవచ్చు. రైతు కళ్లంనుంచి తెచ్చిన ధాన్యం నేరుగా అన్నం కాదు. ఆరబోయాలి, రాళ్లు ఏరాలి, మర ఆడించాలి, తవుడు, నూక వేరుచేయాలి, బస్తాకు ఎత్తాలి. ప్రోగ్రామరు రాసిన కోడ్ కూడా అంతే. దానిని యంత్రానికి అర్థమయ్యే రూపానికి మార్చాలి. సరిగా నడుస్తున్నదో లేదో పరీక్షించాలి. చివరకు మూట కట్టి వాడుకలోకి పంపాలి. ఈ మొత్తం వరుసనే బిల్డ్ అంటారు.

ఒక్కరు రాసిన ప్రోగ్రాము అయితే చేత్తో చేసుకోవచ్చు. యాభైమంది, వందమంది కలిసి రాసేచోట చిక్కు వస్తుంది. ఒకరు మార్చిన పంక్తి మరొకరి పనిని చెడగొడుతుంది. అందరూ నెల రోజులు విడివిడిగా రాసి చివరన కలిపితే ఏ బస్తాలో రాయి వున్నదో వెతకడానికే మరో నెల పడుతుంది. అందుకని ఏ రోజు రాసినది ఆ రోజే కలిపి, కలిపిన ప్రతిసారీ మర ఆడించి చూసే పద్ధతి వచ్చింది. రాయి పడితే అప్పుడే తెలుస్తుంది, ఎవరి సంచిలోనుంచి పడినదో కూడా తెలుస్తుంది.

జెంకిన్స్ చేసేది ఈ పనే. కోడ్ దాచే కొట్టును కనిపెట్టుకొని వుంటుంది. ఎవరు ఏ మార్పు తెచ్చినా వెంటనే తీసుకొని బిల్డ్ చేస్తుంది, పరీక్షలు నడుపుతుంది, ఫలితం చెబుతుంది. బాగుంటే ఒక రంగు, చెడితే ఎరుపు గుర్తు చూపుతుంది. చాలాకాలం ఆ బాగున్నదనే గుర్తు నీలం రంగులో వుండేది. దీనికి కారణం తమాషా అయినది. దానిని రాసినాయన జపానువాడు. మనం పచ్చ లైటు అనే రోడ్డు దీపాన్ని జపానులో నీలం అనే వ్యవహరిస్తారు. నీలం నచ్చనివారు పచ్చగా మార్చడానికి వేరే చిన్న ప్రోగ్రామునే రాసుకున్నారు. ఇటీవలి విడుదలలలో అసలుకే పచ్చ గుర్తు వచ్చింది.

సిగ్గుపడి రాసిన ప్రోగ్రాము

దీని సృష్టికర్త కొహ్సుకె కవాగుచి. అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీలో ఇంజనీరుగా వుండేవాడు. తాను రాసిన కోడ్ తరచు బిల్డ్‌ను చెడగొట్టేదని, తోటివారి ముందు చిన్నతనంగా వుండేదని ఆయనే చెప్పుకున్నాడు. ఇతరులు కనిపెట్టే లోపలే తన తప్పు తనకు తెలియాలని 2004లో ఒక ప్రోగ్రాము మొదలుపెట్టాడు. ఇంటిపెద్ద అడగకముందే పని చక్కబెట్టే నౌకరుకు పెట్టే ఇంగ్లీషు పేరు ‘హడ్సన్’ను దానికి పెట్టాడు. 2005లో దానిని అందరికీ విడుదల చేశాడు. ఎవరైనా వాడుకోవచ్చు, తెరిచి చూడవచ్చు, మార్చుకోవచ్చు. దీనినే ఓపెన్ సోర్స్ అంటారు.

కొద్ది ఏళ్లలో వేల కంపెనీలు దానిని తెచ్చుకున్నాయి. అక్కరకు వచ్చిన అదనపు పనిముట్లను ఎవరికి వారు రాసి అందరికీ ఇచ్చారు. ‘ప్లగిన్లు’ అని పిలిచే ఈ పనిముట్లు నేడు దాదాపు 2000 దాకా వున్నాయి.

పేరు తగాదా – 214 ఓట్ల తీర్పు

2010 జనవరిలో సన్ కంపెనీని ఒరాకిల్ కంపెనీ కొనేసింది. కవాగుచి అదే సంవత్సరం బయటికి వచ్చాడు. ఏడాది చివరకు తగాదా ముదిరింది. చర్చలు జరుపుకునే వేదికను, కోడ్ దాచే కొట్టును వేరే చోటికి మార్చుకుంటామని రాసేవారంతా అన్నారు. ‘హడ్సన్’ అనే పేరుపై హక్కు తమదేనని ఒరాకిల్ అన్నది. కోడ్‌పై పేచీ లేదు, అది అందరిదీ. పేచీ అంతా పేరు మీద.

పొలం అందరూ కలిసి దున్నితే పట్టా ఒకరి పేర వున్నట్లయింది. ఇటువంటి తగాదా వస్తే మన ఊళ్లలో కోర్టు వాయిదాలతో రెండు తరాలు గడుస్తాయి. వారు వేరే దారి పట్టారు. పేరు వదులుకుందామా అని ఓటింగు పెట్టారు. 2011 జనవరి 29న ఫలితం వచ్చింది. మార్పుకు అనుకూలంగా 214, వ్యతిరేకంగా 14. ఆ రోజునుంచి హడ్సన్ ‘జెంకిన్స్’ అయినది. ఇది కూడా నౌకరు పేరే.

పాత పేరుతో ఒరాకిల్ మరికొంతకాలం నడిపి, అదే సంవత్సరం ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగించింది. 2017లో అది మూతబడింది. పేరు పోగొట్టుకున్నది బతికింది, పేరు దక్కించుకున్నది ఆగిపోయింది. మనుషులు ఎటు వెళితే పని అటు వెళ్లడం ఇందులో గమనార్హమైన విషయం. 2019లో జెంకిన్స్‌ను లైనక్స్ ఫౌండేషన్ నీడలోని ఒక సంస్థకు చేర్చారు. 2020లో కవాగుచి కూడా రోజువారీ పనినుంచి తప్పుకున్నాడు. అయినా విడుదలలు ఆగలేదు.

వారం వారం సంత

విడుదలలు రెండు రకాలు. మొదటిది వారం విడుదల. వారపు సంతలాగా ప్రతి వారం కొత్త సరుకు వస్తుంది. రెండవది దీర్ఘకాల విడుదల. వారం విడుదలలలో నిలకడగా వున్నదానిని పన్నెండు వారాలకొకసారి ఎంచి, దానికి సుమారు నాలుగు వారాలకొకసారి మరమ్మతులు మాత్రమే చేసి ఇస్తారు. కొత్తదనం కావలసినవారు మొదటిది, నిబ్బరం కావలసినవారు రెండవది వాడుతారు. బ్యాంకుల వంటి చోట్ల రెండవదే తగినది.

కొన్ని విడుదలలు మైలురాళ్లుగా నిలిచాయి. 2016 ఏప్రిల్‌లో వచ్చిన 2.0 అటువంటిది. అంతకుముందు కొత్తగా అమర్చిన జెంకిన్స్‌కు తాళం వుండేది కాదు. దాని గడప తొక్కినవారంతా యజమానులే. 2.0 నుంచి అమర్చే సమయంలోనే రహస్య పదం అడగటం మొదలయింది. బిల్డ్ ఎలా చేయాలో ఆ వరుసనంతా ఒక కాగితంలాగా రాసి కోడ్‌తోపాటే దాచుకునే పద్ధతి కూడా ఆ విడుదలతోనే ముందుకు వచ్చింది. అంతవరకు పని పంచే యంత్రాన్ని ‘యజమాని’ అని, చేసే యంత్రాలను ‘బానిస’ అని ఇంగ్లీషులో వ్యవహరించేవారు. 2.0లో బానిస అనే మాటను తీసివేశారు. 2020లో యజమాని అనే మాటను కూడా మార్చారు.

2024 అక్టోబరు 30న వెలువడిన 2.479.1 మరొక మైలురాయి. జెంకిన్స్ జావా అనే కంప్యూటరు భాషపై నిలబడి వుంటుంది. ఈ దీర్ఘకాల విడుదల జావా 11ను వదిలి, కనీసం జావా 17 కావాలన్నది. పాత పునాదిపై కొత్త మేడ లేపరాదన్నదే దీని భావం. పాత యంత్రాలను కదపని ఆఫీసులకు ఇది తలనొప్పి అయిన మాట నిజం.

ఒక్క గుర్తుతో వచ్చిన ముప్పు

2024 జనవరి నాటి లోపం సంగతికి వద్దాం. జెంకిన్స్‌కు దూరంనుంచి ఆదేశాలు టైపు చేసి పంపే సదుపాయం వున్నది. ఆ ఆదేశంలో ‘ఎట్’ గుర్తు పెట్టి ఒక ఫైలు పేరు రాస్తే, ఆ ఫైలు తెరిచి అందులోని మాటలను ఆదేశంలో చేర్చుకుంటుంది. పనివారి సౌకర్యం కోసం పెట్టిన ఏర్పాటు ఇది. కాని అడిగినవాడు ఇంటివాడా, బయటివాడా అని చూడలేదు. లోనికి అనుమతి లేనివారు కూడా సర్వరులోని ఫైళ్ల మొదటి కొన్ని పంక్తులు చదవగలిగారు. చూడటానికి అనుమతి వున్నవారు మొత్తం చదవగలరు. ఆ ఫైళ్లలో తాళం చెవులు దొరికితే ఇక ఇల్లంతా వారిదే.

సోనార్ అనే సంస్థ పరిశోధకులు ఈ లోపం కనిపెట్టి ముందుగా జెంకిన్స్ వారికే తెలిపారు. జనవరి 24న వారపు విడుదల 2.442, దీర్ఘకాల విడుదల 2.426.3 మందుతో వచ్చాయి. వెంటనే మార్చలేనివారు ఆ ఆదేశాల సదుపాయాన్ని మూసివేయాలని కూడా సలహా ఇచ్చారు. అయినా ఆ నెలాఖరుకు మందు వేయని సర్వర్లు దాదాపు 45,000 ఇంటర్నెట్‌లో బయటికి కనబడుతున్నాయని షాడోసర్వర్ అనే సంస్థ లెక్క తేల్చింది. దుండగులు ఈ లోపాన్ని వాడుతున్నారని అమెరికా ప్రభుత్వ భద్రతా సంస్థ ఆగస్టులో తన జాబితాకెక్కించింది. అప్పటికే మన చిన్న బ్యాంకుల సంగతి జరిగిపోయింది.

ఇక్కడ ఒక మాట చెప్పవలసి వున్నది. ఉచితంగా వచ్చినది కనుక లోపం వున్నదనుకోవడం పొరపాటు. డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేరులోనూ లోపాలు బయటపడుతుంటాయి. లోపం తెలియగానే కారణంతో సహా అందరికీ చెప్పి, అదే రోజు మందు ఇవ్వడం ఓపెన్ సోర్స్ పద్ధతిలోని మేలు. అయితే మందు ప్రకటించిన రోజే రోగం సంగతి దొంగకు కూడా తెలుస్తుంది. అక్కడినుంచి పందెం మొదలవుతుంది. ఆలస్యం చేసినవాడే ఓడతాడు.

మన పిల్లల చేతిలో

ఇదంతా ఎక్కడో అమెరికా సంగతి అని తోసివేయడానికి లేదు. హైదరాబాదు అమీర్‌పేటలో అడుగుపెట్టి బోర్డులు చూస్తే ‘డెవాప్స్’ అన్న మాట అడుగడుగునా కనిపిస్తుంది. ఆ కోర్సులలో జెంకిన్స్ ఒక ముఖ్య పాఠం. ఇంజనీరింగు, డిగ్రీ ముగించి, హాస్టలు గదులలో నలుగురైదుగురు సర్దుకొని ఆ పాఠాలు నేర్చే పిల్లలలో పల్లెలనుంచి వెళ్లినవారు ఎందరో వున్నారు. మా అబ్బాయి కంప్యూటరులో ఏమి చేస్తాడో తెలియదని చెప్పే తల్లిదండ్రులు ఇకపై ఒక మాట చెప్పవచ్చు: వారు మరకు కాపలా వుంటారు.

శిక్షణలో జెంకిన్స్‌ను ఎలా అమర్చాలో, బిల్డ్ ఎలా నడపాలో నేర్పుతారు. ఉద్యోగానికి అవసరమైనది కూడా అదే. ఆ తరువాత దానిని ఎలా కాపాడుకోవాలన్న పాఠానికి కూడా సమానంగా సమయం కేటాయించవలసి వున్నది. జెంకిన్స్ సర్వరును ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి వుంచరాదు. అవసరం లేని ప్లగిన్లు తీసివేయాలి. ఎవరికి ఎంత పని వున్నదో అంత అనుమతే ఇవ్వాలి. భద్రతా ప్రకటన వచ్చిన రోజే విడుదల మార్చాలి. వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు, శ్రద్ధ కావాలి.

సహకార, గ్రామీణ బ్యాంకుల పాలకవర్గాలు కూడా సేవలందించే సంస్థలను అడగవలసిన ప్రశ్నలు మూడు వున్నాయి. మీ తయారీ సర్వర్లు ఏ విడుదలపై నడుస్తున్నాయి? చివరిసారి ఎప్పుడు మార్చారు? మీకు పనిచేసిపెట్టే ఇతర సంస్థలను ఎవరు తనిఖీ చేస్తున్నారు? బ్యాంకు గది తాళం గట్టిదా కాదా అని సర్వసభ్య సమావేశంలో నిలదీసే సభ్యులు ఈ మూడు ప్రశ్నలు కూడా వేస్తే తప్పులేదు.

కష్టార్జితం దాచుకున్న రైతుకు, పాలు పోసే మహిళకు జెంకిన్స్ పేరు తెలియనక్కరలేదు. తెలిసినవారు వారం వారం తమ పని తాము చేస్తే చాలు. ఆ పనికి కావలసిన సరుకు ఉచితంగానే వస్తున్నది.