నీళ్లపై తేలిన ఉలవలు

బళ్లారి, రాయలసీమ ప్రాంతాల్లో పొలాల మధ్య బూడిద దిబ్బలు కనిపిస్తాయి. నాలుగైదు వేల ఏళ్ల కిందట పశువుల మందల దగ్గర పోగైన పేడను పదేపదే కాల్చగా మిగిలినవవి. ఆ జనానికి రాత లేదు. వాళ్లేం పండించి తిన్నారో చెప్పేది మాడిపోయిన గింజలే.

మాడి బొగ్గయిన గింజ కుళ్లదు, పురుగు పట్టదు. తవ్విన మట్టిని నీటిలో కలిపితే మన్ను అడుక్కి దిగుతుంది, గింజలు పైకి తేలుతాయి. వాటిని సన్నని జల్లెడలో పట్టి, నీడన ఆరబెట్టి, సూక్ష్మదర్శినిలో చూస్తారు. అసలు ఓపిక కావలసింది ఇక్కడే. మొలక భాగం పొడవు, పొట్టు మీది ముడతలు చూస్తే గానీ కొర్రకూ అండుకొర్రకూ తేడా తెలియదు. గింజ వయసును రేడియోకార్బన్ పద్ధతిలో నేరుగా లెక్కకట్టవచ్చు. వెనకటి తవ్వకాల్లో కుండపెంకులు దాచుకుని ఈ మట్టిని పారబోయడం ఎంత నష్టమో!

పురావస్తు పరిశోధకులు డోరియన్ ఫుల్లర్, రవి కోరిశెట్టర్, పి.సి. వెంకటసుబ్బయ్య తదితరులు బళ్లారి దగ్గరి సంగనకల్లులో, కడప జిల్లా పెద్దముడియంలో, మరికొన్ని చోట్ల ఇలాగే మట్టిని కడిగారు. 2004లో వెలువడిన వారి ఫలితాల్లో తరచూ కనిపించినవి ఉలవలు, పెసలు, అండుకొర్రలు, కొర్రజాతిదే మరో చిరుధాన్యం. అన్నీ వానతో మొలిచి వానతో పండేవే. వీటి అడవి రకాలు దక్షిణ భారతంలో ఉన్నాయి. ఇక్కడి జనం తమంతట తామే సేద్యం మొదలుపెట్టారనడానికి ఇంతకన్నా గట్టి ఆధారం నాకు కనబడదు.

తర్వాత వాయవ్యం నుంచి గోధుమ, యవలు వచ్చాయి, కానీ కొద్దిగానే మిగిలాయి. చలికాలపు పైరును మెట్ట నేలలో నిలబెట్టడం కష్టం మరి. సుమారు 3500 ఏళ్ల కిందట చేరిన సజ్జలు, అనుములు మాత్రం స్థిరపడ్డాయి. రెండూ ఆఫ్రికావి. మాలి దేశంలో సజ్జ సాగు ఇంకో వెయ్యేళ్ల ముందుది. అండుకొర్ర చల్లే అదునుకే, అదే వానకు, అదే నేలలో సజ్జ కూడా పండుతుంది. పాత పంటల పక్కన చోటు దొరికిన కొత్త పంటనే రైతు ఉంచుకున్నాడు.

సజ్జలను, అనుములను ఇంత దూరం ఎవరు తెచ్చారు? రాజుల నౌకలకు చాలా ముందే, తీరం వెంబడి చిన్న పడవల్లో తిరిగిన జాలర్లే అరేబియా సముద్రం దాటించి ఉంటారని ఫుల్లర్, పురావస్తు పరిశోధకురాలు నికోల్ బోయివిన్ వాదించారు. రాకపోకలు ఒకవైపే సాగలేదు. ఇక్కడి మూపురం పశువులు ఆఫ్రికా చేరాయి. తూర్పు ఆఫ్రికా మందల్లో వాటి జన్యువులు ఇప్పటికీ ఉన్నాయి.