రంది ఒంటికెక్కితే

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో ఒత్తిడి అనే మాట అంతగా వినపడదు. మనం రంది అంటాం. "రంది పెట్టుకోకు" అని ధైర్యం చెప్తాం. కానీ రంది వద్దనుకుంటే పోయేది కాదు. అది ఒంట్లో జరిగే పని.

పత్తి చేన్ల పాము కనపడిందనుకోండి. మూత్రపిండాల మీదుండే గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. గుండె దడదడ కొట్టుకుంటుంది, రక్తంలోకి చక్కెర చేరుతుంది, అరుగుదల మందగిస్తుంది. వెనకే కార్టిసాల్ అనే మరో హార్మోను ఆ సత్తువను కాసేపు నిలబెడుతుంది. పాము పోయాక అన్నీ సర్దుకుంటాయి. మనల్ని బతికించే ఏర్పాటే ఇది.

అప్పు పాములా పోదు. కౌలుకు పత్తి పెట్టిన దళిత రైతునే చూద్దాం. జూన్‌లో వాన ముఖం చాటేస్తే గింజలు మళ్లీ కొనాలి. మిత్తి పెరుగుతుంటుంది. పంట పండకున్నా కౌలు కట్టాలి. 2018 మే 10న హుజూరాబాద్ మండలంలో మొదలైన రైతుబంధు పట్టా ఉన్నవాళ్లకే దక్కింది. అదే ఏడాది వచ్చిన 5 లక్షల రైతుబీమా కూడా అంతే. బాకీ అడిగే ఆసామి పదిమందిలో కులం పేరు ఎత్తితే? పామును చూసినప్పటిలాగే ఒళ్లు జలదరిస్తుంది. రేపు మళ్లీ అంటాడేమోనన్న ఆలోచనకు కూడా.

ఇలా నెలల తరబడి సాగితే నిద్ర పట్టదు. తలనొప్పి, కడుపులో మంట, మతిమరుపు, చిన్నదానికే కోపం. బీపీ, షుగర్ ముదురుతాయి. మనమేమో గ్యాస్ గోళీ మింగి ఊరుకుంటాం. నిద్ర కోసం మందు తాగేవాళ్లున్నారు. తాగిన నిద్ర నడిరాత్రికే తెగిపోతుంది. కూలికి పోయొచ్చి, వండిపెట్టి, సంఘం కిస్తీ లెక్కలేసుకునే ఆడవాళ్ల రందిని ఇంట్లో ఎవరూ జబ్బుగా చూడనే చూడరు.

కాబట్టి గోళీ ఒక్కటే సరిపోదని మేం అంటాం. కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇవ్వాలని ఉమ్మడి రాష్ట్రంలో 2011లోనే చట్టం వచ్చింది. గ్రామసభలో దాన్ని గట్టిగా అడగాలి.

2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ప్రభుత్వ వైద్యం అందరి హక్కు, కులం చూపి తక్కువ చేయకూడదు. ప్రాణం తీసుకోబోయిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, ఆదుకునే బాధ్యత ప్రభుత్వానిదేనని అదే చట్టం చెప్తుంది. బతుకు మీద విరక్తి పుట్టినా, నిద్ర లేక నలిగిపోతున్నా 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్ 24 గంటలూ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.