500 రూపాయల దగ్గర నేను చేసిన పొరపాటు

ఈసారి ఆకు, గూళ్ల రేటు సంగతి కాదు, ఆస్పత్రి ఖర్చు సంగతి రాస్తున్నా.

పోయిన ఏడాది పురుగు నాలుగో జ్వరం లేచి జోరుగా మేస్తున్నప్పుడు మా ఇంటామెకు కడుపునొప్పి వచ్చింది. రాత్రికి రాత్రే దగ్గరున్న ప్రైవేటు ఆస్పత్రికి తీసుకుపోయినాము. పిత్తాశయంలో రాళ్లు, ఆపరేషన్ చేయాలన్నారు. రేషన్ కార్డు చూపిస్తే, మా ఆస్పత్రి స్కీములో లేదన్నారు. 68 వేలు కట్టినాము. ఆకు వేసే మనిషి లేక పంట కూడా సగమే చేతికొచ్చింది.

తర్వాత విచారిస్తే తెలిసింది. కర్ణాటకలో 2018 నుంచి ఉన్న ఆరోగ్య కర్ణాటక స్కీములో బీపీఎల్ కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఉంది. ఏపీఎల్ వాళ్లకి ప్యాకేజీ రేటులో 30 శాతమే సర్కారు ఇస్తుంది, అదీ ఏడాదికి లక్షన్నర దాకానే. మిగతా 70 శాతం మనదే. అత్యవసరం కాకపోతే ముందు సర్కారు ఆస్పత్రి చీటీ కూడా కావాలి. మనలో చాలామందిది ఏపీఎల్ కార్డే. పేదోళ్ల లెక్కలో లేము, ఆస్పత్రి బిల్లు కట్టే స్తోమతా లేదు.

మనకు పనికొచ్చేది యశస్విని. సహకార సంఘాల సభ్యుల కోసం 2003లో మొదలైంది, 2018లో ఆగింది, 2023 జనవరి నుంచి మళ్లీ వైద్యం ఇస్తున్నారు. పల్లెల్లో నలుగురున్న కుటుంబానికి ఏడాదికి 500 రూపాయలు, ఆపైన ఒక్కొక్కరికి 100. కుటుంబానికి 5 లక్షల దాకా ఉంది. ఎస్సీ, ఎస్టీల డబ్బు సర్కారే కడుతుంది. రేషన్ కార్డు ఏ రంగుదైనా పర్వాలేదు, సంఘంలో సభ్యత్వం ఉండాలి. పాలు పోసే డెయిరీ సంఘమైనా చాలు.

మా డెయిరీ సెక్రెటరీ అంతకు ముందే 500 కట్టమని రెండుసార్లు చెప్పినాడు. గూళ్లు అమ్మినాక చూద్దాంలే అన్నా. అదే నేను చేసిన పొరపాటు.

మూడు మాటలు గుర్తు పెట్టుకోండి. ఏటా మళ్లీ కట్టాలి, గడువు దాటితే తీసుకోరు. ఇంట్లో అందరి పేర్లూ రాయించండి, కొత్త కోడలి పేరు, పుట్టిన బిడ్డ పేరు మరవొద్దు. మీకు దగ్గరలో ఏ ఆస్పత్రి స్కీములో ఉందో ఇప్పుడే అడిగి రాసిపెట్టుకోండి.

చాకీ తెచ్చేముందే గది కడిగి మందు కొడతాము కదా, రోగం వచ్చినాక కొడితే ఏం లాభం? ఇదీ అంతే. ఈ వారం పాలు పోసేటప్పుడు సెక్రెటరీని ఒక్క మాట అడగండి.