జీతం ఎగ్గొడితే జవాబు చెప్పాల్సింది మనీలాలోనే

1997 జూన్ చివర్లో ఒక ఫిలిప్పీన్స్ యువతి తైవాన్‌లోని ఓ కంపెనీలో పనికి చేరింది. ఏడాది కాంట్రాక్టు, నెలకు 15,360 తైవాన్ డాలర్ల జీతం. ఆమెను పంపిన ఏజెన్సీ ఇప్పిస్తానన్నది క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగం. అక్కడ పెట్టింది కట్టర్‌గా. ఈ ఉద్యోగం కోసం ఏజెన్సీకి 70,000 పెసోలు కట్టానని తర్వాత ఆమె చెప్పుకుంది. జూలై 14న, నెల కూడా తిరక్కముందే, కంపెనీ వాళ్లు వచ్చి పనిలోంచి తీసేశామని, వెంటనే సామాను సర్దుకోమని చెప్పారు. ముందు నోటీసు ఇవ్వలేదు. చేతికిచ్చిన లెక్కలోంచి విమానం టికెట్టు కోసమని 3,000 డాలర్లు కోసుకున్నారు.

ఇంతవరకు జగిత్యాలలోనో కడపలోనో ఎవరిని అడిగినా చెప్పే కథే. మన దగ్గర సాధారణంగా కథ ఇక్కడితో ఆగిపోతుంది. వెళ్లినవాడు అప్పుతో తిరిగొస్తాడు. ఏజెంటును నిలదీస్తే, నేను వీసా ఇప్పించాను, అక్కడ కఫీల్ (యజమాని) చేసినదానికి నన్నేం చేయమంటావని చేతులు దులిపేసుకుంటాడు.

ఆ యువతి మాత్రం అదే ఏడాది అక్టోబరులో సొంత దేశపు కార్మిక కమిషన్‌లో ఫిర్యాదు చేసింది. ఫిర్యాదు తనను పంపిన ఏజెన్సీ మీద. ఆ కంపెనీకి పంపిన కార్మికుల బాధ్యతను మేం వేరే ఏజెన్సీకి బదలాయించేశామని ఏజెన్సీ వాదించింది. ఆ వాదన చెల్లలేదు. చివరికి 2014 ఆగస్టులో ఫిలిప్పీన్స్ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: కాంట్రాక్టులో మిగిలిన కాలం మొత్తానికి జీతం, టికెట్టు పేరుతో కోసుకున్న 3,000 డాలర్లు వడ్డీతో సహా ఏజెన్సీయే కట్టాలి. ఆమె ఇందుకోసం తైవాన్ కోర్టు మెట్లెక్కలేదు, పరాయి భాషలో వాదించుకోలేదు.

ఈ తీర్పుకు ఆధారం 1995 నాటి వలస కార్మికుల చట్టం. అధికారికంగా రిపబ్లిక్ యాక్ట్ 8042. అది పుట్టింది ఒక ఉరితాడు నుంచి. ఫ్లోర్ కాంటెంప్లాసియన్ సింగపూర్‌లో ఇంటిపని చేసే ఫిలిప్పీన్స్ మహిళ. తోటి ఫిలిప్పీన్స్ పనిమనిషిని, నాలుగేళ్ల బాలుణ్ణి చంపిందన్న నేరం మీద 1995 మార్చి 17న ఆమెను అక్కడ ఉరితీశారు. శిక్ష ఆపమని అధ్యక్షుడు ఫిడెల్ రామోస్ కోరినా సింగపూర్ వినలేదు. ఆమె నిర్దోషి అని ఫిలిప్పీన్స్‌లో లక్షల మంది నమ్మారు. వాళ్లను అంతకంటే మండించిన సంగతి, ఆమె కష్టంలో ఉన్నప్పుడు తమ రాయబార కార్యాలయం ఏం చేసిందన్న ప్రశ్న. జనం వీధుల్లోకి వచ్చారు. విదేశాంగ మంత్రి రాజీనామా చేశారు. ఉరి అమలైన మూడు నెలల్లోపే, జూన్ 7న, రామోస్ ఈ చట్టం మీద సంతకం పెట్టారు. ఇప్పటికీ ఫిలిప్పీన్స్‌లో ఆ తేదీన వలస కార్మికుల దినం జరుపుతారు.

చట్టంలో చాలా ఉన్నాయి. కార్మికుల హక్కులకు రక్షణ ఉన్న దేశాలకే మనుషుల్ని పంపాలంటుంది. ఒప్పుకున్న కాంట్రాక్టును అక్కడికి వెళ్లాక మార్చి, తక్కువ జీతానికి సంతకం పెట్టించడాన్ని నేరంగా చూస్తుంది. ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువ మందిని మోసం చేసిన అక్రమ ఏజెంటుకు యావజ్జీవ శిక్ష వేయొచ్చు. కానీ నా దృష్టిలో దాని ప్రాణమంతా పదో సెక్షన్‌లో ఉంది. విదేశీ యజమాని, స్థానిక ఏజెన్సీ ఇద్దరూ ఉమ్మడిగానూ, విడివిడిగానూ బాధ్యులు. యజమాని ఎక్కడో కువైట్‌లో దొరక్కపోయినా, మనీలాలో ఆఫీసు తెరిచి కూర్చున్న ఏజెన్సీ దొరుకుతుంది. బాకీ మొత్తం దానినుంచే వసూలు చేయవచ్చు. ఈ ఒక్క నిబంధన ఏజెన్సీ లెక్కనే మార్చేస్తుంది. చెడ్డ యజమాని దగ్గరికి మనిషిని పంపితే నష్టం తనదే కాబట్టి, పంపేముందు విచారించుకోవాల్సిన అవసరం ఏజెన్సీకి కూడా పుడుతుంది.

ఏజెన్సీలు ఊరుకోలేదు. చట్టంలోనే వాళ్లకు పనికొచ్చే ఒక మెలిక ఉండేది: కాంట్రాక్టులో ఎంత కాలం మిగిలినా, మిగిలిన ప్రతి ఏడాదికీ మూడు నెలల జీతం ఇస్తే చాలు. ఇది రాజ్యాంగ విరుద్ధమని 2009లో, ఒక నావికుడి కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2010లో చట్టాన్ని సవరించినప్పుడు అదే మెలికను మళ్లీ చొప్పించారు. 2014 తీర్పులో కోర్టు దాన్ని రెండోసారి కొట్టేసింది. తైవాన్ నుంచి వచ్చిన యువతికి కమిషన్ మొదట ఇప్పించింది ఈ మూడు నెలల లెక్కే: 46,080 తైవాన్ డాలర్లు. కేసు ఆమె ఒక్కతిదే అయినా, తీర్పు ఫలితం తర్వాత వచ్చిన అందరికీ అందింది.

2010 సవరణలో మంచి కూడా ఉంది. ఏజెన్సీ తన సొంత ఖర్చుతో ప్రతి కార్మికుడికీ బీమా చేయించాలి. ప్రమాదంలో చనిపోతే కనీసం 15,000 అమెరికన్ డాలర్లు, మామూలు మరణానికి 10,000. స్వదేశానికి తీసుకురావడం, మృతదేహాన్ని ఇంటికి చేర్చడం కూడా అందులోకే వస్తాయి. ఇంటిపనికి వెళ్లే మహిళల దగ్గర ఏజెన్సీ ఫీజు తీసుకోకూడదు, నెల జీతం 400 అమెరికన్ డాలర్లకు తగ్గకూడదు అన్న నిబంధనలు అంతకుముందు 2006లోనే వచ్చాయి.

ఇంత ఉన్నా కన్నీళ్లు ఆగలేదు. 2018 ఫిబ్రవరిలో కువైట్‌లో ఖాళీగా పడి ఉన్న ఒక ఫ్లాట్‌లోని ఫ్రీజర్‌లో ఒక ఫిలిప్పీన్స్ పనిమనిషి మృతదేహం దొరికింది. ఏడాదికి పైగా అందులోనే ఉంది. అధ్యక్షుడు డుటెర్టే కువైట్‌కు కార్మికుల్ని పంపడం ఆపేశారు. ఆ ఏడాది మే నెలలో రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్నాయి: యజమాని పాస్‌పోర్టు లాక్కోకూడదు, కార్మికురాలి దగ్గర ఫోను ఉండనివ్వాలి, వారానికో రోజు సెలవివ్వాలి. చదివితే చిన్న కోరికలే. గది తలుపు బయట గొళ్లెం పెట్టిన ఇంట్లో ఆ ఫోను ఒక్కటే బయటి లోకంతో బంధం. అయినా 2023 జనవరిలో మరో పనిమనిషి కాలిన శవం కువైట్ ఎడారిలో దొరికింది. మళ్లీ నిషేధం పెట్టారు.

నిషేధాల మీద నాకు నమ్మకం లేదు. చర్చల్లో బలం ఇస్తాయి, నిజమే. కానీ ఇంట్లో పొయ్యి వెలగాల్సినవాళ్లు ఆగరు. టూరిస్టు వీసా మీద వెళతారు. అలా వెళ్లినవాళ్లకు ప్రభుత్వం ఆమోదించిన కాంట్రాక్టూ ఉండదు, పట్టుకోవడానికి ఏజెన్సీ కూడా ఉండదు. పదో సెక్షన్ ఎంత గట్టిదైనా అక్కడ పనికిరాదు. పైగా న్యాయం నత్తనడక నడుస్తోంది. మూడు నెలల్లో తేల్చాలని చట్టమే చెప్పిన ఆ తైవాన్ కేసుకు 17 ఏళ్లు పట్టింది. ఏటా 3,000 కోట్ల అమెరికన్ డాలర్లకు పైగా ఇంటికి పంపే మనుషులకు ఈ న్యాయం చాలదు. చెల్లాచెదురుగా ఉన్న కార్యాలయాల్ని కలిపి, వలస కార్మికుల కోసమే ఒక మంత్రిత్వ శాఖ ఏర్పాటు చేసే చట్టం 2021 డిసెంబరు 30న వచ్చింది కాబట్టి కొంత వేగం పెరుగుతుందని ఆశించాలి.

ఇక మన సంగతి. అదే కువైట్‌లో కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన మన ఆడవాళ్లు ఖద్దామాలుగా (ఇంటి పనిమనుషులుగా) పనిచేస్తున్నారు. నిజామాబాద్, సిరిసిల్ల వాళ్లు గల్ఫ్ నిర్మాణ పనుల్లో ఉన్నారు. 1983 నాటి మన ఎమిగ్రేషన్ చట్టం ఏజెంటుకు లైసెన్సు ఉండాలంటుంది, బ్యాంకు గ్యారంటీ కట్టించుకుంటుంది, ఫీజుకు పరిమితి పెడుతుంది. ప్రమాద మరణానికి పది లక్షల బీమా ఉంది, ప్రీమియం వెళ్లేవాళ్లదే. కానీ కఫీల్ ఎగ్గొట్టిన జీతానికి నేనూ బాధ్యుణ్ణేనని హైదరాబాద్ ఏజెంటు ఒప్పుకోవాల్సిన నిబంధన అందులో లేదు. ఎన్నికలప్పుడు గల్ఫ్ బాధితులకు పరిహారం గురించి అన్ని పార్టీలూ మాట్లాడతాయి. పోయిన ప్రాణానికి పరిహారం ఇవ్వాల్సిందే. దానితోపాటు, బతికి తిరిగొచ్చిన కార్మికుడు తన జీతం బాకీని ఇక్కడే, తనను పంపిన ఏజెంటు నుంచే వసూలు చేసుకునే హక్కు చట్టంలోకి రావాలని అడగండి. ఓటు కోసం మీ గుమ్మంలోకి వచ్చే ప్రతి అభ్యర్థినీ అడగండి.