నాలుగు సరుకులు

మా తమ్ముణ్ని కొట్టుకు పంపేటప్పుడు కందిపప్పు, చింతపండు, సబ్బు, అగ్గిపెట్టె అని రెండుసార్లు చెప్పేదాన్ని. వాడు సబ్బు ఒక్కటే పట్టుకొచ్చేవాడు. మిగతావేవిరా అంటే గుప్పిట తెరిచి చిల్లర నా ముందు పెట్టేవాడు. అప్పటికి వాడికి ఇరవై ఆరేళ్లు. బీకాం రెండో ఏడాదిలో స్కిజోఫ్రీనియా మొదలై ఆరేళ్లు దాటింది. మాత్రలతో చెవిలో మాటలు ఆగిపోయాయి. ఎవరో వెంటపడుతున్నారన్న భయం కూడా పోయింది. "ఇంకేం రోగంరా నీకు, ఒట్టి బద్ధకం కాకపోతే!" అనేదాన్ని. ఒకసారి కాదు, ఏళ్ల తరబడి అన్నాను. తెనాలిలో బడిపిల్లలకు లెక్కలు చెప్పిన మనిషిని నేను. తరగతిలో ఎవరికి అర్థం కాలేదో ముఖం చూసి పట్టేసేదాన్ని. ఇంట్లో వాడి ముఖం మాత్రం చదవలేకపోయాను.

అమ్మ పడ్డ మాటలు వేరు. "మీ పుట్టింటి రక్తమే ఇది" అనేది నాయనమ్మ. అమ్మకు మేనమామ వరసైన ఒకాయన ఇల్లొదిలి గుళ్ల వెంట తిరుగుతూ పోయాడట. ఆ ఒక్కడి పేరూ మా ఇంట్లో ఇరవై ఏళ్లు వినిపించింది. ఇంకొందరు గారాబం చేసి చెడగొట్టిందన్నారు. రక్తమే కారణమైతే గారాబానికి దోషమేమిటి, గారాబమే కారణమైతే రక్తం ఏం చేసింది అని అడిగినవాళ్లు లేరు. అమ్మ రెండు మాటలూ మోసింది.

ఈ మాటలు మన పల్లెల్లో పుట్టినవే అనుకునేదాన్ని. కాదు. ఈ జబ్బును తల్లే తెచ్చిపెడుతుందన్న భావాన్ని 1948లో ఫ్రీడా ఫ్రామ్-రైక్‌మన్ అనే పేరున్న వైద్యురాలు రాశారు. అమెరికాలో ఎందరో తల్లులు ఏళ్ల తరబడి ఆ నింద మోశారు. దానికి జవాబు 1966లో వచ్చింది. లెనార్డ్ హెస్టన్ అనే వైద్యుడు ఓరెగాన్‌లో ఈ జబ్బున్న తల్లులకు పుట్టి, పుట్టిన కొద్ది రోజులకే వాళ్ల నుంచి వేరై పెరిగిన 47 మందిని వెతికి పట్టుకున్నాడు. జబ్బు లేని తల్లులకు పుట్టి, అలాగే వేరుగా పెరిగిన 50 మందిని పక్కన పెట్టి చూశాడు. మొదటి గుంపులో ఐదుగురికి జబ్బు వచ్చింది, రెండో గుంపులో ఒక్కరికీ రాలేదు. అంటే పెంపకం మీది నింద నిలవలేదు. కానీ నాయనమ్మ మాటే నిజమైనట్టు కనబడుతుంది కదా! ఆ లెక్క సగమే, మిగతా సగానికి మళ్లీ వస్తాను.

తమ్ముడిది బద్ధకం కాదని నాకు తెలిసింది 2012లో. గుంటూరులో వాణ్ని చూసే డాక్టరుగారు ఒక సైకాలజిస్టు దగ్గరికి పంపారు. ఆ అమ్మాయి ఒక కాగితం ఇచ్చింది. పైన ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు, ఒక్కో అంకె కింద ఒక్కో చిన్న గుర్తు. దిగువన వరసలుగా అంకెలూ ఖాళీ గళ్లూ. పైన చూసుకుంటూ ఏ అంకెకు ఆ గుర్తు వేసుకుంటూ పోవాలి. గడువు 90 సెకన్లు. తమ్ముడు పద్దెనిమిది గళ్లు నింపాడు. "మీరూ వెయ్యండి టీచర్‌గారూ" అంది. నేను యాభై మూడు వేశాను. నా కాగితం, వాడి కాగితం పక్కపక్కన పెట్టి నావైపు తిప్పింది. వాడి పద్దెనిమిదిలో ఒక్క తప్పు లేదు.

ఆ రోజు బస్సులో వాడి పక్కన కూర్చుని కిటికీలోంచి చూస్తూ వచ్చాను. ముప్పై ఏళ్లు లెక్కలు దిద్దినదాన్ని, తప్పు చేసే పిల్లకూ నెమ్మదిగా చేసే పిల్లకూ తేడా నాకు తెలియనిది కాదు.

ఈ జబ్బున్నవాళ్లు అన్ని పరీక్షల్లోకీ బాగా వెనకబడేది ఇలాంటి చిన్న పరీక్షలోనేనని 2007లో పలు అధ్యయనాలను కలిపి చూసినవాళ్లు చెప్పారు. విన్న మాటను మెదడులో పట్టుకుని, దాంతో పని చేసి, పక్కనపెట్టే వేగం తగ్గిపోతుంది. "కందిపప్పు" అన్న మాట లోపల సర్దుకునేలోపు నేను "అగ్గిపెట్టె" దాకా వెళ్లిపోయేదాన్ని. చివరికి వాడి చేతిలో మిగిలింది సబ్బు.

జర్మనీలో క్రేపెలిన్ అనే వైద్యుడు 1890ల్లోనే ఈ మందగింపును చూశాడు. చిన్నవయసులోనే వచ్చే మతిక్షీణత అనే అర్థం వచ్చే పేరును ప్రచారంలోకి తెచ్చింది ఆయనే. స్కిజోఫ్రీనియా అన్న పేరు 1908లో స్విట్జర్లాండ్ వైద్యుడు బ్లాయ్లర్ ఇచ్చాడు. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజిన్ మందు వచ్చి కేకలు, భయాలు అణిగాయి. అప్పటినుంచి అందరి చూపూ చెవిలో మాటల మీదే నిలిచింది. చివరికి 1996లో మైకేల్ గ్రీన్ అనే అమెరికన్ పరిశోధకుడు, రోగి బయటికి వెళ్లి పని చేసుకోగలడా, నలుగురిలో మెలగగలడా అన్నది చెవిలో మాటల కన్నా జ్ఞాపకం, ఏకాగ్రత లాంటివాటి మీదే ఎక్కువ ఆధారపడుతుందని గుర్తుచేశాడు. అది మా తమ్ముడు సబ్బు తెచ్చిన ఏడాదికి ఐదేళ్ల తరవాత.

టీచర్‌గా నన్ను బాగా కుదిపింది న్యూజిలాండ్‌లోని డునెడిన్ అధ్యయనం. అక్కడ 1972, 73ల్లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లల్ని పెద్దయ్యేదాకా వదలకుండా పరీక్షిస్తూ వచ్చారు. పెద్దయ్యాక ఈ జబ్బు వచ్చినవాళ్లలో తేడా ఏడేళ్ల నుంచి పదమూడేళ్ల మధ్యలోనే కనబడిందని 2010లో ప్రకటించారు. కొన్ని విషయాల్లో మొదటినుంచీ కాస్త వెనక. వేగంలోనైతే ఎదుగుతూనే ఉన్నా తోటివాళ్లతో దూరం పెరుగుతూ పోయింది. తమ్ముడు పదమూడో ఎక్కం అప్పజెప్పడానికి ఎంతసేపు తీసుకునేవాడో నాకిప్పుడు గుర్తొస్తుంది. అలా తడబడిన ప్రతి బిడ్డకీ జబ్బు వస్తుందని కాదు, అత్యధికులకు రాదు. ఈ పేజీ చదివి ఏ తల్లీ తన బిడ్డను అనుమానంగా చూడొద్దు.

ఇక నాయనమ్మ లెక్క. మాది కృష్ణ కాలువల ఊరు కాబట్టి నాకు ఇలా అర్థమైంది: పొలానికి నీళ్లు ఒక్క తూములోంచే వస్తే తూము ఎవరిదో చెప్పొచ్చు. వందల పిల్లకాలువల్లోంచి చెంబుడు చెంబుడు వస్తే ఎవరి పేరు చెబుతాం? 2014లో సైకియాట్రిక్ జీనోమిక్స్ కన్సార్షియం అనే అంతర్జాతీయ బృందం జన్యుపటంలో 108 చోట్ల తేడాలు పట్టింది. 2022 నాటికి 76,755 మంది రోగుల్ని చూసి 287 చోట్లు తేల్చింది. ఒక్కో తేడా పెంచే ప్రమాదం ఇసుమంత. అవి మీలోనూ నాలోనూ కొన్ని ఉంటాయి. అమ్మ వైపు నుంచీ వస్తాయి, నాయనమ్మ వైపు నుంచీ వస్తాయి. అచ్చుగుద్దినట్టుండే కవలల్లో ఒకరికి జబ్బుంటే రెండోవారికి వచ్చేది సగం మందికి కూడా కాదు. జన్యువులన్నీ ఒకటే అయినా!

ఆ చోట్లలో ఒకదాని కథ చెప్పాలి. 2016లో బోస్టన్‌లో స్టీవెన్ మెక్‌కారల్, బెత్ స్టీవెన్స్ బృందాలు సి4 అనే జన్యువును వెలికితీశాయి. అది రోగనిరోధక వ్యవస్థకు చెందినది. ఎదిగే వయసులో మెదడు కణాల మధ్య అక్కర్లేని లంకెల్ని తీసేయడంలో దానికీ చెయ్యుంది. నారు ఒత్తుగా ఉంటే పలచన చేస్తాం కదా, అలాంటి పని. పలచన అతిగా జరిగితే చేను బోసిపోతుంది. జబ్బు పద్దెనిమిది, ఇరవై ఏళ్లకే ఎందుకు బయటపడుతుందన్న ప్రశ్నకు ఇదొక దారి చూపింది. సి4 ఒక్కటే పెంచే ప్రమాదమూ తక్కువే.

గ్రిన్2ఎ అనే ఇంకో జన్యువుంది. మనం నేర్చుకోవడానికీ గుర్తుపెట్టుకోవడానికీ పనికొచ్చే ఒక గ్రాహకంలో భాగాన్ని అది తయారుచేస్తుంది. దానిలో అరుదైన మార్పులు కొద్దిమంది రోగుల్లో దొరికాయి. ఆ గ్రాహకానికే ఊతమిచ్చేలా ఐక్లెపెర్టిన్ అనే మందు తయారైంది, తెలివి మందగించడాన్ని తగ్గించాలని. మూడు పెద్ద ప్రయోగాల ఫలితాలు 2025 జనవరిలో వచ్చాయి. పనిచేయలేదు. ఆ వార్త చదివి నేను ఆ పూట అన్నం తినలేదు. ప్రస్తుతానికి కొంత మేలు చేస్తున్నది మెదడుకు ఓపికగా ఇచ్చే సాధన. లండన్‌లో టిల్ వైక్స్ లాంటివాళ్లు దశాబ్దాలుగా దాని మీద పనిచేస్తున్నారు. పని నేర్పడంతో కలిపి ఇస్తే ఫలితం బాగుంటుందని తేలింది.

నాకున్న కోపం ఒక్కటి. ఆ పెద్ద లెక్కల్లో ఎక్కువమంది యూరప్ మూలాలవాళ్లు. చెన్నైలో శారదా మీనన్ 1984లో స్థాపించిన స్కార్ఫ్ సంస్థ ఆస్ట్రేలియావాళ్లతో కలిసి దక్షిణ భారతీయుల మీద చేసిన పరిశోధన 2019లో వచ్చింది. నియాసిన్ విటమిన్‌ను శరీరం వాడుకునే దారిలోని జన్యువు ఒకటి అందులో బయటపడింది. అలాంటివి ఇంకా చాలా రావాలి. తమ్ముడు రక్తం ఇస్తాడు, నేనూ ఇస్తాను.

మా అమ్మాయి సంబంధం మాటలప్పుడు "నాకూ వస్తుందా అమ్మా, నా పిల్లలకు?" అని అడిగింది. జనంలో వందకు ఒకరికి వచ్చే జబ్బు, మేనమామకు ఉంటే వందకు ముగ్గురు నలుగురికి వస్తుంది. నీకు వస్తుందో రాదో చెప్పే రక్తపరీక్ష ఇప్పటికి లేదన్నాను. పెళ్లివారికీ అదే చెప్పాం. ఒక సంబంధం పోయింది, ఇంకొకటి నిలిచింది.

అమ్మ 2009లో పోయింది. ఇవేవీ వినలేదు.

ఇప్పుడు తమ్ముడికి అరవై. చీటీ రాసిస్తాను, ఒక్కో వరసలో ఒక్కో సరుకు, పక్కన చిన్న గడి. తీసుకున్నదానికి కొట్లోనే టిక్కు పెట్టుకుంటాడు. మొన్న సాయంత్రం కాఫీయా, టీయా అని అడిగి పొయ్యి దగ్గర నిలబడ్డాను. మళ్లీ అడగలేదు. పాలు కాగాయి, మంట తగ్గించాను.

"టీ" అన్నాడు. కాసేపాగి, "అల్లం వెయ్యి అక్కా."